మూడు పిడికిళ్ల మట్టి

“మట్టికి పోయొచ్చినవా?”

చావు జరిగాక మా ఇళ్లల్లో మనిషిని మనిషి అడిగే మొదటి మాట ఇది. చూసొచ్చినవా అని అడగరు. ఏడ్చినవా అని అడగరు. మయ్యత్‌ను ఖబర్‌లోకి దించి, పైన బండలు పేర్చాక, వచ్చిన ప్రతి మగవాడూ మూడు పిడికిళ్ల మట్టి తీసి వేస్తాడు. అన్నదమ్ములు వేస్తారు. అప్పిచ్చినవాడు వేస్తాడు. పదేళ్లుగా మాటల్లేని దాయాది కూడా వచ్చి వేస్తాడు. ఆ మూడు పిడికిళ్లతో సగం బాకీలు, సగం పగలు మట్టిలో కలిసిపోతాయి. మట్టి ఇయ్యలేకపోయినవాడికి మాత్రం ఒక బాకీ మిగిలిపోతుంది.

ఆ బాకీ నాకుంది.

2020 ఏప్రిల్‌లో మణుగూరులో మా నానీ చనిపోయింది. షబే బరాత్ పోయి వారం దాటింది. కరోనా కాదు, వయసు. ఎనభై నిండినయి. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. బస్సుల్లేవు, రైళ్లు లేవు. తెల్లవారుజామున ఫోన్ చప్పుడు చేసింది. చూస్తే కుటుంబం గ్రూపులో మామూ పెట్టిన ఒక్క వాక్యం. దాని కింద పది నిమిషాల్లో నలభై మంది ‘ఇన్నాలిల్లాహి’ పెట్టారు. ఒకరు రాసిందే అందరూ ఎత్తి పెట్టారు. అందులో అక్షరం తప్పు ఉంటే ఆ తప్పు కూడా నలభైసార్లు వచ్చింది. నేను కూడా అదే పెట్టాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. మాది మూడో అంతస్తు గది. పిడికెడు మట్టి ఎక్కడ దొరుకుతుంది?

అప్పటి నుంచి నన్నొక ప్రశ్న తొలుస్తోంది. మా దుఃఖం ఎట్లా నడిచి ఇక్కడికొచ్చింది? ఎవరు మాతో కలిసి ఏడ్చారు? ఎవరు ఏడవనివ్వలేదు? ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చాక అది ఏమైంది? ముస్లింల చరిత్ర అంటే నవాబుల చరిత్రో, యుద్ధాల చరిత్రో రాస్తారు. మా ఏడుపు చరిత్ర ఎవరూ రాయలేదు. నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

మణుగూరు అంటే కొత్తవాళ్లకు బొగ్గు గుర్తొస్తుంది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, అశ్వాపురం దగ్గర 1991లో మొదలైన భారజల కర్మాగారం, ఆ తర్వాత వచ్చిన భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. కానీ బొగ్గు తవ్వడానికి ఎంతో ముందే ఇక్కడి మనుషులు తమ చచ్చినవాళ్ల కోసం ఈ నేలను తవ్వారు. పక్కనున్న పినపాక మండలం జానంపేట వైపు అడవిలో ఇనుప యుగం నాటి రాతి సమాధులున్నాయి. బండలు నిలబెట్టి గదిలా కట్టి, పైన పెద్ద బండ మూతేసి, తమవాళ్లను నేలకు అప్పగించారు. మసీదు అనే మాట ఈ దేశంలో వినబడక ముందు సంగతి అది. చచ్చినవాళ్ల పేరున రాయి నిలబెట్టే ఆచారం కోయల్లో ఉంది. తెలుగు నేల మీద లింగాయతులు పూడుస్తారు. మాల మాదిగ ఇళ్లల్లో చాలామంది పూడుస్తారు.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వస్తోంది? 2017 ఫిబ్రవరిలో, ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో ఖబరస్తాన్‌కు ఎంత, శ్మశానానికి ఎంత అన్నది ఓట్ల లెక్కయింది. ఎవరినీ పూడ్చనివ్వగూడదు, అందరినీ కాల్చాల్సిందే అన్న మాట కూడా ఆ రోజుల్లోనే ఒక నాయకుడి నోట వచ్చింది. ఆ మాటలు అక్కడ ఆగలేదు. వీడియో ముక్కలై మా తెలుగు ఫోన్లలోకి వచ్చాయి. పూడ్చడం అంటే పరాయి అలవాటు అని నమ్మే పిల్లలు మా వాడలో కూడా తయారయ్యారు. వాళ్లను ఒకసారి జానంపేట అడవికి తీసుకుపోవాలి.

మా వాళ్లు ఈ అడవి అంచుకు ఎట్లా వచ్చారు? నిజాం కాలంలో జంగ్లాత్‌లో చౌకీదార్లుగా, పోలీసు జవాన్లుగా కొందరు వచ్చారు. కోయవాడి కట్టెల మోపు ఆపి కోడిని గుంజుకున్న జంగ్లాతోళ్లలో మా పేర్లూ ఉన్నాయి. అది దాచి చరిత్ర రాయడం నాకిష్టం లేదు. తర్వాత రోడ్డు పడ్డప్పుడు డ్రైవర్లు వచ్చారు. గనులు తెరిచినప్పుడు ఫిట్టర్లు, వెల్డర్లు, దర్జీలు, మటన్ కొట్టేవాళ్లు, చాయ్ హోటల్‌వాళ్లు ఇల్లందు నుంచి, కొత్తగూడెం నుంచి, ఖమ్మం నుంచి వచ్చారు. పరుపులు కుట్టే దూదేకులవాళ్లు వచ్చారు. ఎక్కువమంది కూలికి వచ్చినవాళ్లే.

కూలికి వచ్చినవాడికి ఊరు ఎప్పుడు సొంతమవుతుంది? క్వార్టర్ కంపెనీది, రిటైరైతే ఖాళీ చెయ్యాలి. ఇంటి జాగాకు పట్టా ఉండదు. కానీ ఇంట్లో మొదటి మయ్యత్ లేచి ఆ ఊరి ఖబరస్తాన్‌కు పోయిందంటే, ఇక అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. మా తాతను పూడ్చిన రోజు నుంచే మణుగూరు మా ఊరైందని నానీ అనేది. జిల్లా పేరు మారుతూ వచ్చింది. మొదట వరంగల్, 1953 నుంచి ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఖబర్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. మీ ఊరేదని అడిగేవాళ్లకు మా దగ్గర ఉన్న పట్టా అదే.

నా చిన్నప్పుడు చావు కబురు మనిషి కాళ్ల మీద నడిచేది. సైకిల్ మీద ఒకాయన బయల్దేరేవాడు. ఇంటి ముందు దిగేవాడు, నీళ్లడిగేవాడు కాదు. ఆయన నీళ్లడగలేదంటేనే ఇంట్లో ఆడవాళ్లకు అర్థమైపోయేది. ఆ తర్వాత మస్జిద్ మైకు వచ్చింది. దూరం వాళ్లకు టెలిగ్రాం ఇచ్చేవారు. చనిపోయారని అందులో రాసేవారు కాదు, సీరియస్‌గా ఉంది వెంటనే బయల్దేరమని రాసేవారు. దారిలో గుండె ఆగకుండా ఉండేందుకు అదొక అబద్ధం. అందరికీ తెలిసిన అబద్ధం. చావు కబురుకు కూడా ఒక మర్యాద ఉండేదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. దాంతో ఆ మర్యాదకు కూడా జనాజా నమాజ్ అయిపోయింది.

ఇంట్లో పని ఆడవాళ్లది. ఆడ మయ్యత్‌కు గుసుల్ ఆడవాళ్లే ఇస్తారు. కఫన్ మగవాళ్లకు మూడు బట్టలు, ఆడవాళ్లకు ఐదు. మయ్యత్‌ను కడిగే ఆవిడను, గోరీ తవ్వేవాణ్ణి మామూలు రోజుల్లో మన షరీఫు ఇళ్లవాళ్లు దస్తర్‌ఖాన్ మీద పక్కన కూచోబెట్టుకోరు. చావు రోజు మాత్రం వాళ్లు లేనిదే గడవదు. ఇస్లాంలో కులం లేదని మైకులో చెప్పేవాళ్లు ఈ సంగతి మైకులో చెప్పరు.

ఇక ఏడుపు. మా ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పక్కింటి గొల్ల ముసలమ్మ ఎట్లా ఏడుస్తుందో మా నానీ అట్లాగే ఏడ్చేది. తాత పోయినప్పుడు నేను విన్నాను. పిలవడం దక్కనీలో పిలిచింది. కష్టాలు చెప్పడం మాత్రం తెలుగులో చెప్పింది. ఎందుకంటే కష్టాలు తెలుగులోనే జరిగాయి. అంగట్లో, రేషన్ దుకాణంలో, కంపెనీ ఆఫీసు వరండాలో, అప్పిచ్చినవాడి గుమ్మంలో ఆమె పడ్డదంతా తెలుగులోనే పడింది. మధ్యలో మగవాళ్లెవరో “జోర్‌సే నక్కో రో, మయ్యత్‌కు తక్లీఫ్ హోతా” అని గద్దించారు. నానీ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.

డోలా లేచినప్పుడు ఆడవాళ్లు గడప దగ్గర ఆగిపోతారు. మా వైపు ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు రారు. నానీ తన భర్తను పంపింది, ఒక కొడుకును పంపింది, అక్కచెల్లెళ్లను పంపింది. ఎవరినీ మట్టిలో దించడం ఆమె చూడలేదు. ఆమెకు చావంటే గడప దాటిపోయే డోలా వెనక భాగం. అంతే.

మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ముతా యుద్ధంలో జాఫర్ చనిపోయినప్పుడు ఆయన ఇంటివాళ్లకు వండి పంపమని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. మణుగూరులో ఆ హదీసు తెలియని వాళ్లే మాకు ఎక్కువ వండి తెచ్చారు. పప్పు, అన్నం, చారు. పక్కింటి కోయ కుటుంబం తెచ్చింది, ఎదురింటి కమ్మరివాళ్లు తెచ్చారు. మూడోనాడు జియారత్, పదోనాడు దస్వాఁ, ఇరవైనాడు బీస్వాఁ, నలభైనాడు చాలీస్వాఁ. భర్త పోయినావిడకు నాలుగు నెలల పది రోజుల ఇద్దత్. ఇవి మతంలో ఉన్నాయా లేవా అని వాదించేవాళ్లు వాదించనీ. నాకు తెలిసింది ఒకటే. దుఃఖానికి వాయిదాలు కావాలి. ఒక్కరోజులో తీర్చలేని అప్పును నలభై రోజుల మీద తీర్చుకునే ఏర్పాటు అది.

ఇంటి చావుకు వాడ వచ్చేది. ఊరంతా కలిసి ఏడ్చే చావు ఇంకొకటి ఉండేది. అది పీర్ల పండుగ.

680లో ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు హుస్సేన్‌ను, ఆయన వెంట ఉన్న కొద్దిమందిని నీళ్లు కూడా అందనివ్వకుండా చంపారు. ఆ చావుకు గోల్కొండ కుతుబ్‌షాహీలు హైదరాబాద్ కట్టిన తొలి ఏళ్లలోనే బాద్షాహీ అషూర్‌ఖానా కట్టించారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా మర్సియాలు రాశాడు. 1687లో గోల్కొండ పోయింది. ఏడుపు పోలేదు. అది కోటల నుంచి పల్లెకు దిగింది. షియా అంటే ఏమిటో, సున్నీ అంటే ఏమిటో తెలియని తెలంగాణ పల్లెలు పీర్ల సావిడులు కట్టుకున్నాయి. ముందు అలావా తవ్వి నిప్పు రాజేశాయి. హసన్, హుస్సేన్, ఫాతిమా, ఖాసిం ఊరి పేర్లైపోయారు. పీరును దూదేకులవాళ్లు ఎత్తారు, ఫకీర్లు ఎత్తారు, చాకలివాళ్లు, గొల్లవాళ్లు, మాదిగవాళ్లు ఎత్తారు. మలీదా చేశారు, పానకం పోశారు. పదోనాడు పీర్లు నీళ్లకు పోతుంటే ఆడవాళ్లు సొంత కొడుకు పోయినట్టు ఏడ్చారు. హుస్సేన్ మీద తెలుగులో పాటలు కట్టుకున్నారు.

మణుగూరుకు దిగువన, గోదావరి అవతలి ఒడ్డున భద్రాచలం ఉంది. అక్కడ రాముడి గుడి కట్టిన గోపన్న కథలో తానీషా వస్తాడు. ఆ తానీషా కూడా ముహర్రంలో అలంల ముందు నిలబడ్డ కుతుబ్‌షాహీ వంశం వాడే. ఒకే రాజు పేరు గుడి కథలోనూ, ఏడుపు చరిత్రలోనూ కలిసి ఉన్న నేల ఇది.

ఆ తర్వాత మాలోంచే కొందరు సంస్కర్తలు వచ్చారు. ఇది షిర్క్ అన్నారు, బిద్అత్ అన్నారు. చాలా పల్లెల్లో మావాళ్లు సావిడి గడప తొక్కడం మానేశారు. కొన్ని ఊళ్లలో సాయిబులు లేకుండానే హిందువులు పీర్లను ఎత్తుతున్నారు. నేను పీర్ల పండుగను మతమని వాదించడం లేదు. ఒక్క మాట అడుగుతున్నాను. తెలుగు పల్లె ఒక ముస్లిం చావుకు గుండెలు బాదుకుని ఏడ్చిన చోటు అది తప్ప ఇంకొకటి ఉందా? ఆ చోటును మన చేతులతో మనమే ఖాళీ చేసుకుంటే, రేపు మన చావులకు ఏడ్చేదెవరు?

ఏడవనివ్వని చావులు కూడా ఉన్నాయి.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు ఊరివాళ్లను చంపారు. అక్కడ స్తూపం ఉంది. ఉండాల్సిందే. ఆ స్తూపం ముందు మేమూ తల వంచాల్సిందే. అదే ఏడాది సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత వారాల్లో హైదరాబాద్ రాజ్యంలో ముస్లింల మీద జరిగిన మారణకాండను విచారించడానికి ప్రధాని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపాడు. తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్లు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ జరిగిందన్నారు. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. 2013లో గానీ అది ఢిల్లీలోని గ్రంథాలయంలో జనం చూడటానికి దొరకలేదు. అరవై ఐదేళ్లు! చచ్చినవాళ్ల పిల్లలు కూడా ముసలివాళ్లై చచ్చిపోయేంత కాలం.

ఆ చావులకు జియారత్ లేదు, చాలీస్వాఁ లేదు. బావుల్లో, పొలాల్లో పోయినవాళ్లకు మూడు పిడికిళ్ల మట్టి ఎవరిచ్చారు? మా వైపు అంత జరగలేదు. భయం మాత్రం వచ్చింది. నానీకి అప్పుడు పదేళ్లుంటాయి. చుట్టాల్లో ఎవరో పోయారని కబురొచ్చిన రాత్రి పెద్దవాళ్లు నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చారని చెప్పింది. ఆమెకు గుర్తున్న 1948 అంతే. ఒక రాత్రి, చప్పుడు లేని ఏడుపు.

ఇప్పుడు ప్రతి ఏడూ సెప్టెంబర్ 17 వస్తే ఫోన్లు వేడెక్కుతాయి. విమోచనమా, విలీనమా, విద్రోహమా? 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినం అంది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంది. పేరు కోసం ఇంత తగువు జరుగుతుంటే చచ్చినవాళ్ల పేరు ఎత్తేవాడు లేడు. ఎత్తితే, రజాకార్ అని ఒక్క మాటతో నోరు మూయిస్తారు. 1948లో కొంగు నోట్లో మా ఆడవాళ్లే కుక్కుకున్నారు. ఇప్పుడు వాళ్లు కుక్కుతున్నారు.

2016 సెప్టెంబర్‌లో చవక డేటా వచ్చింది. అక్టోబర్‌లో మా జిల్లా పేరు మారింది. ఆ శీతాకాలానికే మణుగూరులో ప్రతి ఇంట్లో ఒక గ్రూపు. ఖాందాన్ గ్రూపు, మస్జిద్ గ్రూపు, కాలనీ గ్రూపు, షిఫ్టు గ్రూపు. మంచి జరగలేదనను. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కు తల్లి మొహం చివరిసారి చూసే వీలు దొరికింది. కఫన్‌కు డబ్బుల్లేని ఇంటికి గంటలో డబ్బు చేరింది. కానీ నలభై రోజుల మీద తీరే అప్పు సాయంత్రానికే పైకి జరిగి కనబడకుండా పోతుంది. ‘ఇన్నాలిల్లాహి’ కిందనే ఎవరిదో పుట్టినరోజు కేకు. దాని కింద బిర్యానీ. ఎవరూ కావాలని చేసింది కాదు. ఫోన్‌కు జియారత్ తెలియదు.

2020లో ఇంకొకటి తెలిసొచ్చింది. మార్చి 30 రాత్రి, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు పోయొచ్చినవాళ్లలో ఆరుగురు కరోనాతో చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆరుగురు మనుషులు. వాళ్లకూ ఇళ్లున్నాయి, గడప దగ్గర ఆగిన ఆడవాళ్లున్నారు. దేశంలో ఒక్కరైనా వాళ్ల కోసం అయ్యో అన్నారా? ఒకటి రెండు రోజుల్లో ‘కరోనా జిహాద్’ అన్న మాట ట్విట్టర్‌లో దేశమంతా తిరిగింది. చచ్చినవాళ్లే చంపినవాళ్లైపోయారు. పండ్ల బండివాడి మీద, పాల ప్యాకెట్ తెచ్చేవాడి మీద పాత వీడియోలు కొత్తగా తిరిగాయి. చాలావాటిని అబద్ధాలని తేల్చారు. తేల్చిన సంగతి మాత్రం అంత వేగంగా తిరగలేదు.

ఆ ఏప్రిల్‌లోనే నానీ పోయింది. తెల్లవారి ఖాందాన్ గ్రూపులో ‘ఇన్నాలిల్లాహి’ వస్తున్నప్పుడు, కాలనీ గ్రూపులో వేరే ప్రశ్న వచ్చింది. “ఏమైంది? ఆ ఇంట్లో ఢిల్లీ పోయొచ్చినోళ్లు ఉన్నారా?” అడిగినవాడు చెడ్డవాడు కాదు. మా తాత పోయినప్పుడు డోలాకు భుజం పట్టినవాడి కొడుకు. మామూ తల్లి తలాపున కూచోవాల్సినవాడు, డాక్టర్ రాసిన పాత చీటీలను ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు. బీపీ, షుగర్, కిందటేడు గుండెకు వాడిన మందులు. ఎనభై ఏళ్ల ముసలిది ముసలితనంతో చచ్చిపోయిందని రుజువు చెయ్యాల్సి వచ్చింది. అరగంటకు బొటనవేలి బొమ్మ వచ్చింది. సరే, పూడ్చుకోండి అని అర్థం.

ఆ బొటనవేలిని నేను మరిచిపోలేను.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అంది. 2021 సెప్టెంబర్‌లో, ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని బాధపడింది. మంచిదే. కానీ కోర్టు మాట మా కాలనీ గ్రూపుకు రాలేదు. అడిగిన ప్రశ్నను ఎవరూ వెనక్కు తీసుకోలేదు.

మాది ఒక్కరిది కాదు ఈ కథ. పక్కనున్న శ్రీలంకలో 2020 ఏప్రిల్ నుంచి కరోనాతో పోయిన ప్రతి మనిషినీ కాల్చాల్సిందే అన్నారు. పూడ్చినా ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే చెప్పింది. వినలేదు. 2020 డిసెంబర్‌లో ఇరవై రోజుల పసిబిడ్డను తల్లిదండ్రులు వద్దంటున్నా కాల్చారు. అప్పుడు కొలంబోలోని బొరెల్లా శ్మశానం కంచెకు జనం కఫన్ గుర్తుగా తెల్లగుడ్డ పీలికలు కట్టారు. ముస్లింలే కాదు, సింహళీయులు, తమిళులు కూడా కట్టారు. వాటి ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. 2021 ఫిబ్రవరి చివర ఆ నిబంధన ఎత్తేశారు, 2024లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఫోన్‌తో మన చావుల మీద బురద చల్లొచ్చు. అదే ఫోన్‌తో ఒక గుడ్డపీలికను దేశాలు దాటించొచ్చు. అయితే ముందు ఎవరో ఒకరు కంచె దాకా నడిచిపోయి ఆ గుడ్డ కట్టాలి. ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది తిరుపతిలో, ఇంకా పలుచోట్ల మన కుర్రవాళ్లు చేసింది అదే. సొంతవాళ్లు కూడా ముట్టుకోవడానికి భయపడ్డ హిందువుల శవాలను మోసుకుపోయి, వాళ్ల పద్ధతిలోనే కాల్చివచ్చారు. మా మీద ‘జిహాద్’ అని తిప్పినవాళ్ల ఫోన్లలోకి ఆ ఫోటోలు ఎన్ని పోయాయో!

ఆ రోజు అసర్ తర్వాత నానీ డోలా లేచింది. అంత్యక్రియలకు ఇరవై మందికి మించొద్దని కేంద్రం నిబంధన. మగవాళ్లంతా దించే పనిలో ఉన్నారు. ఫోన్ పట్టుకున్నది పక్కింటి కోయ పిల్లగాడు. గనిలో పనిచేస్తాడు. అతను వీడియో కాల్ పెడితే హైదరాబాద్‌లో నేను, ఖమ్మంలో ఖాలా, మణుగూరులోనే ఇంటి గడప లోపల మా అమ్మీ, మిగతా ఆడవాళ్లు చూశాం. అమ్మీకి అరవై ఏళ్లు. ఖబర్ లోపల ఎట్లా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది. తన తల్లిని కిబ్లా వైపు తిప్పి పడుకోబెట్టడం చూసింది. “ఇత్తా తంగ్ హై క్యా?” అంది. ఇంత ఇరుకా అని. గడప దగ్గర ఆపేసిన మన ఆడవాళ్లకు ఖబరస్తాన్ తలుపు తెరిచింది ఏ ఆలిమూ కాదు, ఒక సెల్‌ఫోన్. ఇది కూడా చరిత్రలో రాయాలి.

తర్వాత తెర నల్లబడింది. లైన్ పోయిందనుకున్నాం. పోలేదు. ఆ పిల్లగాడు ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని వంగాడు. చప్పుడు వినబడింది. ఒకటి. రెండు. మూడు. మళ్లీ వెలుతురు వచ్చాక మెల్లగా అన్నాడు. “బీబమ్మ నాకు చిన్నప్పుడు అన్నం పెట్టింది పెద్దమ్మా. నేను కూడా మట్టేసిన.”

నేను ఇయ్యలేని మట్టి అతనిచ్చాడు.

రంజాన్ పండుగ దాటిన రెండు మూడు రోజులకు చాలీస్వాఁ వచ్చింది. అప్పటికి బస్సులు మొదలయ్యాయి. నేను పోయాను. ఖబర్ మీద మట్టి అప్పటికే అణిగిపోయింది. మూడు పిడికిళ్లు వేశాను. “ఇప్పుడు వేస్తే లెక్కలోకి రాదు బేటా” అన్నాడు మామూ. తెలుసు. అయినా వేశాను.

ఇంటికొచ్చేసరికి ఆడవాళ్లంతా ఒక ఫోన్ చుట్టూ కూచున్నారు. నానీకి చదువు రాదు. అటు ఉర్దూ రాదు, ఇటు తెలుగు రాదు, అక్షరం రాదు. కానీ చివరి రెండేళ్లు ఫోన్‌లో మాటలు పంపేది. పొయ్యి మీద ఏముందో, ఎవరింట్లో పెళ్లో, మోకాలు ఎంత నొప్పో. దక్కనీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. ఉర్దూ పండితులు తమది కాదన్నారు. తెలుగు పుస్తకాలు వేళాకోళానికి తప్ప వాడుకోలేదు. ఆ భాష ఆ ఫోన్‌లో ఉంది. మసీదు పెద్ద ఒకాయన చచ్చినవాళ్ల గొంతు ఉంచుకోవడం మంచిది కాదు, తీసెయ్యమన్నాడట. అమ్మీ తీసెయ్యలేదు. నానీ గొంతు విని ఖాలా రాగం తీసింది. ఈసారి ఎవరూ గద్దించలేదు. అన్నం గిన్నెతో వచ్చిన పక్కింటి కోయ పెద్దమ్మ గిన్నె కింద పెట్టి, అదే రాగం అందుకుంది.

చావు కబురు చూసి ‘ఇన్నాలిల్లాహి’ పెట్టి పక్కకు జరిగిపోయే మావాళ్లకు, మా చావుకు రుజువులడిగే మా ఊరివాళ్లకు నేను చెప్పేది ఒకటే. బొటనవేలు చూపించకండి. మూడు పిడికిళ్లకు ఎంతసేపు పడుతుంది?

మట్టికి రండి.